మూడో మలుపులో మంచుగడ్డ

ధర్మవరంలోని ఆ నర్సింగ్ హోమ్ మేడ మీదికి ఇరవై ఆరు మెట్లు. ఈశ్వరప్ప వాటిని లెక్కపెట్టుకుంటూనే ఎక్కాడు. ముప్ఫై ఏళ్లు సర్వేయరుగా పొలాల గట్లు కొలిచి రిటైరైన మనిషి. కొలవకుండా, లెక్కపెట్టకుండా ఏ పనీ చేయలేడు. హిందూపురంలో ఒక జిరాక్సు షాపు పైన గది తీసుకుని ‘ప్రైవేట్ డిటెక్టివ్’ అని బోర్డు కట్టి ఏడాదిన్నరయింది. ఇంతవరకు ఆయన ఛేదించినవి రెండే కేసులు. ఒకటి తప్పిపోయిన బర్రెది. రెండోది కూడా అదే బర్రెది.

ఇప్పుడు మాత్రం అసలైన కేసు చేతికొచ్చింది.

ఆ రోజే, ఆదివారం పొద్దున ఆరూ పదికి పెనుకొండ కొండ మీద ఉదయ్ కుమార్ అనే ఇరవై నాలుగేళ్ల కుర్రాడు గేరు సైకిలు మీద పాత బాటలో దిగుతూ మూడో మలుపు దగ్గర పడ్డాడు. కాలు రెండు చోట్ల విరిగింది. పదింటికి చూస్తే సైకిలు బ్రేకు వైర్లు రెండూ కోసి ఉన్నాయి. ఆ సైకిలుకు ముందురోజే సర్వీసింగు చేసినవాడు స్నేహితుడు వేణు, హిందూపురంలో సైకిలు షాపు ఉన్నవాడు. పన్నెండు కొట్టేసరికి పెనుకొండ, ధర్మవరం, హిందూపురం మూడు ఊళ్లూ కలిసి నేరం వేణుదేనని తేల్చేశాయి.

కారణం కూడా అందరికీ తెలిసిందే. ఉదయ్, వేణు, పవిత్ర ముగ్గురూ రెండేళ్లుగా ప్రతి ఆదివారం ఆ కొండ మీద సైకిళ్లు తొక్కుతున్నారు. ఎక్కడం తారు రోడ్డున, దిగడం రాళ్లు తేలిన పాత బాటన. బెంగుళూరులోని ఒక సైకిలు క్లబ్బువాళ్లు వీళ్ల సంగతి విని, హిమాచల్‌లో నీళ్లు గడ్డకట్టిన కొండదారుల్లో జరిగే పందేనికి రమ్మన్నారు. అయితే చోటు ఇద్దరికే. ఉదయ్, పవిత్ర ఎంపికయ్యారు. వేణు మిగిలిపోయాడు. ప్రయాణం గురువారం, అందాకా రోజూ పొద్దున ప్రాక్టీసు. ఇప్పుడు ఉదయ్ మంచానపడ్డాడు కాబట్టి వేణుకు దారి దొరికింది.

“నా కొడుకు బ్రేకులు బిగించేవాడు సార్, కోసేవాడు కాదు,” అని వేణు తల్లి అక్కమ్మ ఈశ్వరప్ప గది గుమ్మంలో కూర్చుని ఏడ్చింది. ఆయన వెంటనే బస్సెక్కాడు.

గదిలో ఉదయ్ కాలు పిండికట్టుతో పైకి వేలాడుతోంది. పక్కన స్టూలు మీద తండ్రి నారాయణప్ప కమలాపండు ఒలుస్తున్నాడు. ధర్మవరంలో పట్టుచీరల అంగడి ఆయనది. ఒలిచిన తొనలు కొడుక్కి పెట్టడం మరిచి తనే తినేస్తున్నాడు.

ఈశ్వరప్ప నోటుబుక్కు తెరిచాడు. “నిన్ను లేపినప్పుడు పవిత్రతో ‘ఐసు మీద జారినా’ అన్నావంట. నిజమేనా?”

ఉదయ్ నోరు తెరిచాడు. తండ్రి వైపు చూశాడు. నోరు మూశాడు.

“ఐసా? నేనా? నాకేం గుర్తులేదు సార్.”

కిటికీ దగ్గర నుంచి పెద్ద నవ్వు వినిపించింది. కర్టెన్ పక్కన నిలబడ్డ మనిషి ముందుకొచ్చాడు. మంకీ క్యాప్‌లోంచి మీసాలు రెండువైపులా బయటికొచ్చి ఉన్నాయి. ఏసుదాసు. రిటైర్డ్ హెడ్ కానిస్టేబులు. ధర్మవరంలో అంగళ్లకు వాచ్‌మన్లను పంపే ఏజెన్సీ నడుపుతూ, పనిలో పనిగా డిటెక్టివునని కూడా చెప్పుకుంటాడు. నారాయణప్ప అంగడికి కాపలా ఆయన మనుషులదే.

“ఏమప్పా సర్వేయరూ, పెనుకొండలో ఐసు కొలిచేకి వస్తివా?” అన్నాడు. “మంచు పడి జారినాడంటే నేనూ ఒప్పుకుంటా. జనవరి కదా, పొద్దున్నే పడతాది. మంచుగడ్డ అంటే మాత్రం హిమాలయాల్లో ఉండాది, లేకుంటే ఫ్రిజ్జులో ఉండాది. కొండ మీద యాడ ఉండాది?”

“అది తెలుసుకునేకే వచ్చినా.”

“నేను తెలుసుకుంటినిలే.” ఏసుదాసు జేబులోంచి ప్లాస్టిక్ కవరు తీసి ఆడించాడు. అందులో రెండు వైరు ముక్కలు. “ముందరి బ్రేకుదొకటి, వెనకదొకటి. కటింగ్ ప్లయరుతో కోసినవే. పది గంటలకు కనిపెట్టినా.”

“ఆరూ పదికి పడినాడు. అప్పటినుంచి పది దాకా సైకిలు యాడ ఉండె?”

“కొండ కింద వీళ్ల అవ్వ సోమక్క ఇంట్లో. వేణే తోసుకొచ్చి ఆడ పెట్టినాడు. చూడు తెలివి!”

నారాయణప్ప ఇంకో తొన నోట్లో వేసుకుని, మింగకుండానే మాట్లాడాడు. “పోనీలేప్పా ఏసుదాసూ. కాలే కదా, అతుక్కుంటాది. కేసులెందుకు మనకు?”

“నువ్వు మెత్తని మనిషివి అన్నా. నేనుండా కదా! రేపు పొద్దున ఆరున్నరకు సైకిలు తీసుకుని స్టేషనుకు పోతాండాము. ఆ వేణుగాని మీద కంప్లయింటు ఇస్తాండాము.”

“రేపేనా? ఎల్లుండి పోతే కాదా?”

“రేపే!”

నారాయణప్ప మొహం వాడిపోయింది. ఈశ్వరప్ప నోటుబుక్కులో ఇలా రాసుకున్నాడు: కొడుకు కాలు విరిగింది. తండ్రి కోపం, సున్న.

సాయంత్రం నాలుగూ పావుకు ఆయన పెనుకొండలో పాత బాట మూడో మలుపు చేరాడు. కింది నుంచి అక్కడికి ఇరవై ఐదు నిమిషాలు పట్టింది. అందులో తొమ్మిది నిమిషాలు ఒక బండ మీద కూర్చుని మోకాళ్లను తిట్టుకోవడానికి పోయాయి. ఆయన రమ్మన్న పవిత్ర, వేణు మాత్రం తారు రోడ్డున సైకిళ్ల మీద పైకెక్కి, ఈయన మలుపు చేరేలోపు పైనుంచి దిగివచ్చి అక్కడ వేరుశనక్కాయలు తింటున్నారు.

పవిత్ర స్కూల్లో వ్యాయామం టీచరు. విజిల్ ఊదీ ఊదీ గట్టిపడిన గొంతు. వేణు సన్నగా, చేతికి ఎప్పుడూ గ్రీజుతో ఉండే కుర్రాడు. పొద్దుటినుంచి ఊరంతా అంటున్న మాటలు విని వంగిపోయాడు.

“నాకు పోవాలని లేదని చెప్పను సార్,” అన్నాడు. “మంచు దారి మీద ఒక్కసారి తొక్కాలని ఎంతుందో నాకే తెలుసు. అందుకని వాని కాలు విరగ్గొడతానా? వాడు లేకుంటే పక్కన ఎవరితో పందెం వేసుకొని తొక్కల్ల నేను?”

“ఐసు అన్నాడంట కదమ్మా. నువ్వు చూడలేదా?” అని పవిత్రను అడిగాడు ఈశ్వరప్ప.

“బాట మీద తెల్లగా మెరుస్తాంటే పలుగురాళ్లు అనుకుంటి సార్. మన కొండల్లో యాడ చూసినా అవే కదా. పైగా పొగమంచు. వీని కాలు వంకర తిరిగిండాది. నేల చూసే ఓపిక యాడిది?”

ఈశ్వరప్ప టేపు తీశాడు. మలుపుకు కొంచెం పైన మెత్తటి మట్టి మీద ఒక గీత ఉంది. వెనక టైరు తిరగకుండా ఈడ్చుకుపోతే పడే గీత. పొడవు పదకొండడుగుల రెండంగుళాలు. ఆ తర్వాత మలుపులో గీత లేదు. నేల మీద వెడల్పుగా, నున్నగా ఒక జారుడు గుర్తు మాత్రం ఉంది. అది నేరుగా పక్కనున్న బండ దగ్గర ఆగింది.

“పవిత్రమ్మా, పైనుంచి అట్లే దిగి, ఈ గీత పక్కన గట్టిగా బ్రేకు పట్టి చూపించు.”

ఆ అమ్మాయి వెళ్లింది. రెండు నిమిషాల్లో పైనుంచి గులకరాళ్లు ఎగురుతున్న చప్పుడు. సైకిలు వచ్చిన వేగం చూసి ఈశ్వరప్ప తన మోకాళ్ల సంగతి మరిచి బండ మీదికి ఎగిరాడు. సైకిలు బండకు జానెడు దూరంలో ఆగింది.

“కొలవండి సార్,” అంది పవిత్ర.

కొలిచాడు. పదకొండడుగులకు ఒక అంగుళం తక్కువ. అచ్చం అలాంటి గీతే.

తర్వాత మలుపులో మోకాళ్ల మీద కూర్చుని మట్టి తవ్వి చూశాడు. చుట్టుపక్కలంతా పొడిపొడిగా ఉంది. పొద్దున పడ్డ మంచు తొమ్మిదికల్లా ఆరిపోయింది. ఈ మూడడుగుల చోట మాత్రం నాలుగు వేళ్ల లోతు దాకా తడి. తడిలో గోధుమ రంగు పొడి అంటుకుని ఉంది. వేళ్ల మధ్య నలిపి వాసన చూశాడు. రంపపు పొట్టు.

“కొండ మీద కోత మిషనేమన్నా ఉండాదా?”

“ఎవరు పెడతారు సార్ ఈడ?” అన్నాడు వేణు.

“మరి రంపపు పొట్టు ఎట్లొస్తాది? దేనికి వాడతారు దీన్ని?”

వేణు ఒక్క క్షణం ఆలోచించాడు. వాడి మొహం వెలిగింది. “ఐసు బ్లాకులు కరగకుండా కప్పేకి సార్!”

అప్పుడే కింది మలుపులోంచి దగ్గు వినిపించింది. ఏసుదాసు మెడలో కెమెరా వేలాడదీసుకుని వస్తున్నాడు. వస్తూ వస్తూ సరిగ్గా టైరు గీత మీద కాలు పెట్టబోయాడు.

“కాలు తీయ్!” అని ఈశ్వరప్ప అరిచాడు. ఏసుదాసు ఒంటికాలి మీద కొంగలా నిలబడిపోయాడు.

“ఏందబ్బా, పామా?”

“సాక్ష్యం. బ్రేకు వైర్లు రెండూ ముందే తెగిండాయంటివి కదా. మరి ఈ గీత ఎవరు గీసినారు? బ్రేకు పడకుంటే చక్రం ఎట్లా ఆగతాది?”

ఏసుదాసు కాలు ఎక్కడ పెట్టాలో తెలియక ఊగుతూనే ఆలోచించాడు. “కాలుతో ఆపుకోనుంటాడు.”

“కాలుతో ఆపుకుంటే చెప్పు గీత పడతాది. ఇది టైరు గీత. అంటే పడే నిమిషానికి బ్రేకులు బాగుండాయి. వైర్లు కోసింది సైకిలు కిందికి పోయినాక. వేణు దాన్ని ఆడ పెట్టిన ఆరూ నలభైకీ, నువ్వు చూసిన పదికీ నడుమ. సోమక్క ఇంట్లో.”

“పదిహేడేండ్లు స్టేషన్లో రైటరు పని చేసినోన్ని. నాకు నేర్పుతాండావా? చెప్పు గీతంట, టైరు గీతంట!” ఏసుదాసు ఎట్టకేలకు కాలు కిందపెట్టి, పక్కనున్న జిల్లేడు చెట్టును రెండు ఫొటోలు తీశాడు. “పొద్దున ఆరున్నర. గుర్తుపెట్టుకో!” అంటూ దిగిపోయాడు.

వేణు చేతిలోని వేరుశనక్కాయలు కింద పడేశాడు. “స్టేషనుకు పోతే ఇంక ప్రయాణం లేదు సార్ నాకు. షాపుకు కూడా ఎవరూ రారు.”

ఈశ్వరప్ప వాడి భుజం మీద చెయ్యి వేశాడు. “నువ్వు దాక్కుంటే తప్పు చేసినట్టే అవుతాది. రేపు పొద్దున మామూలుగా ప్రాక్టీసుకు రా. పవిత్రమ్మా, నువ్వూ రావల్ల. ఆరు గంటలకు మీరిద్దరూ పైన ఉండల్ల, ఊరు మిమ్మల్ని చూడల్ల. తక్కింది నాకొదిలెయ్.”

ఆ మాట అన్నందుకు తనను తాను మెచ్చుకుంటూ కొండ దిగాడు.

ఆరింటికి బస్టాండు ఎదురుగా ఎస్.టి.డి. బూతులో దూరాడు. హిందూపురంలో ఐసు తయారుచేసేచోటికి ఫోను. అవతల మేనేజరు ఆవులిస్తూ మాట్లాడాడు.

“జనవరిలో ఐసు ఎవరు కొంటారప్పా? మిషన్లకు దుమ్ము పట్టింది. శనివారం పెనుకొండ యోహాను ఒక బ్లాకు తీసుకపోయె. చేపలమ్మే యోహాను. ఏదో పెండ్లి అనె.”

ఈశ్వరప్ప కళ్లు మెరిశాయి. “పెండ్లా? పుష్యమాసంలో పెండ్లేంది? దొరికినాడు!”

“యోహాను కిరస్తానమబ్బా. వాళ్లకు పుష్యం యాడిది?”

ఈశ్వరప్పకు గాలి తీసేసినట్టయింది. అయినా అలవాటు ప్రకారం ఇంకో ప్రశ్న వేశాడు. “ఎవరింట్లో పెండ్లంట?”

“ఎవరో సోమక్క అనె.”

బూతులో ఆయన అడుగున్నర ఎత్తు ఎగిరి తలకు తగిలించుకున్నాడు. సోమక్క ఇంటివాళ్లకు పుష్యం ఉంది, పంచాంగం కూడా ఉంది! యోహాను ఇంటికి పరిగెత్తాడు. తాళం. యోహాను ఆదివారమంతా అమరాపురంలో ప్రార్థన కూటాలకు పోయాడని, అటునుంచి అటే హిందూపురం పోయి చేపల పని చూసుకుని తెల్లవారుజామున వస్తాడని పక్కింటామె చెప్పింది. ఇక యోహానుతో పనిలేదనుకున్నాడు ఈశ్వరప్ప. ఇంటి పేరు దొరికాక మనిషిని ఊహించడం ఎంతసేపు?

సోమవారం పొద్దున ఐదూ నలభైకి సోమక్క ఇంటి వరండాలో నలుగురు చేరారు. నారాయణప్ప శాలువా కప్పుకుని గుమ్మానికీ సైకిలుకూ మధ్య తిరుగుతున్నాడు. ఏసుదాసు సైకిలును ఆటోలో ఎక్కించడానికి తాడు తెచ్చాడు. సోమక్క స్తంభానికి ఆనుకుని కూర్చుని ఉంది. డెబ్బై ఆరేళ్లు. ముప్ఫై ఏళ్లు మగ్గం మీద కూర్చున్న నడుం ఇప్పటికీ నిటారుగా ఉంది. కళ్లు మాత్రం ఏడ్చి వాచాయి.

ఈశ్వరప్ప వచ్చీరాగానే పెరట్లోకి వెళ్లాడు. ఒక తడి గోనెపట్టతో తిరిగొచ్చాడు. దాన్ని దులిపితే వరండా నిండా రంపపు పొట్టు రాలింది.

“ఆటో పంపించెయ్ ఏసుదాసూ. నేరస్థుడు ఈడే ఉండాడు.” ఆయన వేలు నారాయణప్ప వైపు తిరిగింది. “కొడుకును మంచు దేశానికి పంపడం మీకిష్టం లేదు. మీ అమ్మ పేరు మీద ఐసు తెప్పించి మలుపులో పరిపించినారు. వాడు పడినాడు. అది బయటపడకుండా వైర్లు కోసినారు. అందుకే కేసు వద్దంటాండారు. అందుకే మీరు పక్కనుంటే ఉదయ్ నోరు మెదపలా.”

ఏసుదాసు తాడు జారవిడిచాడు. “అన్నా! నువ్వా?”

“వైర్లు నేనే కోసినా,” అన్నాడు నారాయణప్ప నీరసంగా. “ఐసు నేను పెట్టలేదు సార్. దేవుని తోడు. ఇంక నన్నేమీ అడగొద్దు.”

“నేనే తెప్పిస్తిని,” అంది సోమక్క.

అందరూ తిరిగి చూశారు.

“వాన్నెందుకు అడుగుతారు? నన్నడగండి. నా మనవడు గడ్డకట్టిన దారిలో సైకిలు తొక్కేకి పోతానంటాడు. నెల దినాలు బతిమాలినా. వినలే. ఆ దేశంలో పడితే ఎత్తేవాళ్లు ఎవరు? ఈడ పడితే నేనుండా. యోహానుకు చెప్పి, పగలగొట్టి పరిపిస్తి. పడకుండా దాటినాడా, నేనే బస్సెక్కిస్తుంటి. పడినాడా, వాడే మానుకుంటాడు. చదునుగా ఉంటాదని మూడో మలుపు చెప్తి. మోచెయ్యి గీరుకుంటాదేమో అనుకుంటి. ఆ బండ ఉండేది నాకు గుర్తే రాలే నాయనా.” కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. “వాని కాలు చూసినప్పటినుంచి నా కడుపులో అన్నం నిలవలే.”

నారాయణప్ప తల్లి పక్కన కూలబడ్డాడు. “నేను ఏడున్నరకు వచ్చేసరికి అమ్మ గోనెపట్ట ముందర పెట్టుకుని ఏడుస్తాండె. ఈ వయసులో ఆమె మీద కేసా? వైర్లు తెగినాయంటే పాతబడి తెగినాయనుకుంటారులే, ఎవరి మీదా పడదులే అనుకుంటి. ఉదయ్‌కు కూడా చెవిలో చెప్తి, ఐసు మాట ఎత్తొద్దని. ఈ ఏసుదాసు పిలవకుండా వస్తాడని, వచ్చి చూస్తాడని, చూసి హత్యాయత్నం అంటాడని నాకేం తెలుసు?”

ఏసుదాసు మీసం నిమురుకున్నాడు. “కోసిన వైరు కోసినట్టే కనబడె అన్నా. నువ్వు కాస్త నలిపి తెంపాల్సింది.”

“వేణుకు ఏమి సమాధానం చెప్తారు?” అన్నాడు ఈశ్వరప్ప. ఆయన గొంతులో ఈసారి నిజంగానే కోపం ఉంది. “నిన్న ఆ పిల్లోడు ఊర్లో తలెత్తలేకపోయినాడు. వాళ్లమ్మ నా గడపలో కూర్చుని ఏడ్చింది.”

“నేనే పోతా వాళ్లింటికి,” అంది సోమక్క. “అక్కమ్మ కాళ్లు పట్టుకుంటా. ఊరంతా తిరిగి నేనే చెప్తా.”

నారాయణప్ప తల ఊపాడు. ఏసుదాసు తాడు చుట్టుకున్నాడు. కేసు అయిపోయింది. ఈశ్వరప్పకు రాత్రంతా నిద్రలేని కళ్లలో కూడా కాంతి వచ్చింది. నోటుబుక్కు మూస్తూ, గట్టు కొలిచాక రెండోసారి కొలిచే పాత అలవాటు కొద్దీ అడిగాడు.

“యోహానుకు చెప్పింది ఒక్క బ్లాకే కదవ్వా?”

కళ్లు తుడుచుకుంటున్న సోమక్క చెయ్యి ఆగిపోయింది.

“ఏమైందవ్వా?”

“ఒక్క దినం దాటితే అదృష్టం అంటారు. రెండు దినాలు దాటల్ల కదా అని...” ఆమె స్తంభం పట్టుకుని లేచింది. “ఆదివారానికొకటి, సోమవారానికొకటి చెప్పింటి. వాడు పడినాక ఆ మాటే మరిచిపోతి. యోహాను ఊర్లో లేడు, వానికేం తెలుసు? ఇందాక ఐదు గంటలప్పుడు వాని మోపెడ్డు సద్దు ఇన్నట్టే ఉండాది నాయనా...”

గోడ గడియారంలో ఆరుకు ఐదు నిమిషాలు తక్కువ. ఆరింటికి పైనుండాలని వేణుకూ పవిత్రకూ చెప్పింది ఎవరో ఈశ్వరప్పకు ప్రత్యేకంగా గుర్తు చేయనక్కరలేదు. వాళ్లు తారు రోడ్డున ఎక్కి ఉంటారు. పాత బాట వాళ్ల కంటబడి ఉండదు.

ఇద్దరు డిటెక్టివులూ ఒకరి మొహం ఒకరు చూసుకుని ఒకేసారి గుమ్మంలో ఇరుక్కున్నారు. ఎవరు ముందు బయటపడ్డారో తెలియదు గానీ, ఇద్దరూ కొండ వైపు పరిగెత్తారు. మొదటి మలుపు దాటేసరికి ఈశ్వరప్ప మోకాళ్లు మొరాయించాయి. బండ పట్టుకుని పైకి చూశాడు. పొగమంచు తప్ప ఏమీ కనిపించలేదు.

“పవిత్రమ్మా! వేణూ! దిగొద్దండి!”

ఆయాసంతో గొంతు పదడుగులు కూడా పోలేదు.

“అట్లా కాదు, నేనుండా కదా!” అన్నాడు ఏసుదాసు. చొక్కా లోపలి నుంచి పోలీసు విజిల్ తీశాడు. గుండెల నిండా గాలి పీల్చి, ఈశ్వరప్ప వద్దని చెయ్యెత్తేలోగానే, కొండ అదిరేలా ఊదాడు.

విజిల్ మోత కొండంతా తిరిగొచ్చింది. తర్వాత పైనుంచి, పొగమంచు చీల్చుకుంటూ వ్యాయామం టీచరు హుషారైన గొంతు వినిపించింది.

“విజిల్ వేసినారు వేణూ, పద! వస్తాండాం సార్!”

ఆ వెంటనే గులకరాళ్లు ఎగురుతున్న చప్పుడు.